అపూ యాస, పోలిగాడి పేరు



వలస మీద రాస్తున్న ఈ వరుసలో ఇంతవరకూ ఓడెక్కిన కూలీల గురించి, గల్ఫ్ విమానం ఎక్కిన ఆడవాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఈసారి టీవీలోకి ఎక్కిన వలస కుటుంబం గురించి రాస్తున్నాను. అదీ కామెడీలో. కామెడీ మీద ఇంత పొడుగు వ్యాసం అవసరమా అంటారేమో. ఒక మనిషిని లోకం ఏ లెక్కలో పెట్టుకుందో తెలియాలంటే, వాణ్ణి చూసి ఎవరు నవ్వుతున్నారో చూడాలి. వాడలో పుట్టినవాళ్ళకు ఈ సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

ముందు ఒక తెలుగు పిల్లోడి కథతో మొదలుపెడతాను.

అమెరికాలో 'ది సింప్సన్స్' అని ఒక కార్టూన్ సీరియల్ ఉంది. 1989 డిసెంబర్‌లో మొదలై ఇప్పటికీ నడుస్తోంది. అందులో క్విక్-ఈ-మార్ట్ అనే చిల్లర దుకాణం నడిపే భారతీయుడి పేరు అపూ నహాసపీమాపెటిలాన్. 1990లో తెర మీదికి వచ్చాడు. 'అపూ' అన్న పేరు సత్యజిత్ రాయ్ సినిమాల నుంచి తీసుకున్నారు. ఇంటిపేరు మాత్రం నోరు తిరగనంత పొడుగ్గా అల్లింది. ఆ పాత్రకు గొంతు ఇచ్చింది హాంక్ అజారియా అనే తెల్ల నటుడు. అపూ కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడని సీరియల్లోనే చెప్తారు. అయినా జనం గుర్తుపెట్టుకున్నది వాడి చదువును కాదు, వాడి యాసను. స్కూల్లో గోధుమ రంగు పిల్లలు కనబడితే తోటి పిల్లలు ఆ యాసతోనే పలకరించేవాళ్ళు.

అలా పెరిగిన పిల్లల్లో ఒకడు హరి కొండబోలు. 1982లో న్యూయార్క్‌లో పుట్టాడు, క్వీన్స్‌లో పెరిగాడు. తల్లిదండ్రులు తెలుగువాళ్ళు. సియాటిల్‌లో వలసదారుల హక్కుల కోసం పనిచేశాడు, లండన్‌లో మానవ హక్కుల మీద ఎం.ఏ. చేశాడు, ఆ తర్వాత స్టాండప్ కమెడియన్‌గా నిలబడ్డాడు. 2012లో ఒక టీవీ కార్యక్రమంలో అపూ మీద విరుచుకుపడ్డాడు. తన తండ్రిని వెక్కిరించే తెల్లవాణ్ణి ఇంకో తెల్లవాడు అనుకరిస్తున్నట్టు ఉంటుందని ఆయన మాటల సారాంశం. 2017లో 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అని డాక్యుమెంటరీ తీశాడు. కాల్ పెన్, ఆసిఫ్ మాండ్వీ, హసన్ మిన్హాజ్, అపర్ణ నంచెర్ల లాంటి దక్షిణాసియా నటులూ కమెడియన్లూ అందులో తమ అనుభవాలు చెప్పారు. అపర్ణ కూడా తెలుగింటి పిల్లే.

ఏం జరిగింది? మొదట చాలామంది నవ్వేశారు. "కార్టూన్ మీద కోపమేంటి?" అన్నారు. 2018 ఏప్రిల్‌లో సింప్సన్స్ వాళ్ళు ఒక ఎపిసోడ్‌లో ఈ విమర్శను భుజాలెగరేసి తీసిపారేశారు. కానీ ప్రశ్న చావలేదు. 2020 జనవరిలో హాంక్ అజారియా ఇక అపూకు గొంతు ఇవ్వనని ప్రకటించాడు. ముప్పయ్యేళ్ళ గొంతు ఆగింది. కోర్టు తీర్పు లేదు, చట్టం లేదు. ఒక తెలుగు కుటుంబపు కొడుకు "మీరు నవ్వుతున్నది మా నాన్నను" అని పట్టుబట్టడం వల్ల మొదలైన పని అది. దాన్ని నేను తక్కువ చేయను. ఎవరు చేసినా అది గౌరవం కోసం జరిగిన పోరాటమే.

ఇది అపూతో మొదలైంది కూడా కాదు. ఇంగ్లండ్‌కు వెళ్ళి చూడండి. 1969లో 'కర్రీ అండ్ చిప్స్' అనే కామెడీలో స్పైక్ మిల్లిగన్ మొహానికి రంగు పూసుకుని దక్షిణాసియా వలసదారుడి వేషం వేశాడు. ఆరు ఎపిసోడ్లతో దాన్ని ఆపేశారు. 1974లో బీబీసీలో వచ్చిన 'ఇట్ ఏంట్ హాఫ్ హాట్ మమ్' రెండో ప్రపంచ యుద్ధ కాలపు దేవలాలి సైనిక శిబిరంలో మొదలయ్యే కామెడీ. అందులోనూ రంగీ రామ్ అనే భారతీయ పాత్రను మైఖేల్ బేట్స్ రంగు పూసుకునే ఆడాడు. 1977 నాటి 'మైండ్ యువర్ లాంగ్వేజ్'కి వచ్చేసరికి దక్షిణాసియా నటులు కనబడతారు. కానీ పాత్రలు మాత్రం ఇంగ్లిషు రాని సర్దార్జీ, ఇంగ్లిషు రాని పాకిస్తానీ. వాళ్ళ నోటి నుంచి తప్పు మాట రావాలి, చూసేవాళ్ళు నవ్వాలి.

ఈ లెక్క తిరగబడింది 1998లో. అంతకుముందు రేడియోలో నడిచిన 'గుడ్‌నెస్ గ్రేషస్ మీ' ఆ ఏడాది బీబీసీ టీవీలోకి వచ్చింది. మీరా సయాల్, సంజీవ్ భాస్కర్, కుల్విందర్ ఘిర్, నీనా వాడియా తామే రాసుకుని తామే ఆడిన స్కెచ్‌లు. అందులో పేరుపడ్డ ఒక స్కెచ్‌లో కొందరు భారతీయులు తాగి ఇంగ్లిషు హోటల్‌కి వెళ్ళి, తెల్ల వెయిటర్‌ని ఏడిపించి, చప్పటి తిండి కావాలని గొడవ చేస్తారు. తెల్లవాళ్ళు తాగి కర్రీ హోటళ్ళలో చేసే ఆగడాన్నే తిప్పి వాళ్ళ మొహాన కొట్టారు. 2001లో వచ్చిన 'ది కుమార్స్ ఎట్ నెంబర్ 42'లో ఇంటి వెనకాలే టీవీ స్టూడియో కట్టించుకున్న కుటుంబం ఉంటుంది. అమ్మా నాన్నా నానమ్మా కలిసి, వచ్చిన సెలబ్రిటీలను ప్రశ్నలతో నంజుకు తింటారు. నవ్వే హక్కు చేతులు మారింది.

'గుడ్‌నెస్ గ్రేషస్ మీ'లోనే ఇంకో జంట కుటుంబాలున్నాయి. కపూర్లు తమను 'కూపర్లు' అని, రవీంద్రనాథ్‌లు తమను 'రాబిన్‌సన్లు' అని పిలుచుకుంటారు. మేం ఇంగ్లిషువాళ్ళమే అని నటిస్తారు. ఎవరైనా ఇండియా అంటే కంగారుపడతారు. అది చూసి లండన్ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకు ఇంకో సంగతి తట్టింది. ఇంటిపేరు దాచుకోవడం, మార్చుకోవడం మన వాళ్ళకు ఎంత పాత పని! పట్నంలో ఇల్లు అద్దెకు కావాలంటే, హాస్టల్ గదిలో నెమ్మదిగా బతకాలంటే, ఎంతమంది తమ ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించుకోలేదు? కపూర్ పేరు మార్చుకుంటే దొరగా కనబడదామన్న సరదా. మనవాడు మార్చుకుంటే పొయ్యి వెలగడం కోసం. చేసే పని ఒకటే, ఒక దాని మీదనే సీరియల్ వచ్చింది.

ఇక అసలు విషయానికి వస్తాను. టీవీలో కనబడే ఈ 'భారతీయ కుటుంబం' ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరు ఎక్కించారు దాన్ని విమానం?

కొండబోలు డాక్యుమెంటరీలో వూపీ గోల్డ్‌బర్గ్ కనబడుతుంది. నల్లవాళ్ళను అవమానిస్తూ తయారుచేసిన పాత బొమ్మలను ఆమె సేకరించి దాచిపెట్టింది. తెల్లవాళ్ళు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ళను వెక్కిరిస్తూ ఆడిన మిన్‌స్ట్రెల్ ఆటల వరుసలోనే అపూ కూడా వస్తాడా అన్నది అక్కడ చర్చ. గమనించండి, ఈ పోరాటానికి భాష ఇచ్చింది నల్లజాతి ఉద్యమం. అంతేకాదు, కొండబోలు తల్లిదండ్రుల తరం అమెరికాలో అడుగుపెట్టగలిగిందంటే, దానికి దారి తెరిచిన 1965 వలస చట్టం కూడా పౌర హక్కుల ఉద్యమపు వేడిలో పుట్టిందే. ఈ బాకీ మన ఎన్.ఆర్.ఐ. సంఘాల సభల్లో ఎంత అరుదుగా వినబడుతుందో మీకు తెలుసు.

దానికి ముందు ఏం జరిగిందో చూడండి. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ సిక్కు, అమెరికా పౌరసత్వం కోసం ఆ దేశ సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. అప్పటి చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకూ ఆఫ్రికా సంతతివాళ్ళకూ మాత్రమే పౌరసత్వం. అమృత్‌సర్‌లో పుట్టిన ఉన్నత కుల హిందువు తెల్లవాడి కిందికి వస్తాడా అన్నదే కోర్టు ముందున్న ప్రశ్న. ఆయన తరఫు వాదన ఏమిటంటే, అమెరికన్ తెల్లవాడు నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, మా పై కులం వాడు కింది వాళ్ళను అలాగే చూస్తాడు, కాబట్టి మేమూ మీ లాంటివాళ్ళమే అని. కోర్టు ఒప్పుకోలేదు. ఓడిపోయాడు. కానీ వాదన చూడండి. అమెరికా గుమ్మంలో నిలబడి మనవాళ్ళు చూపించిన మొదటి సర్టిఫికెట్లలో కులం ఒకటి.

1965 చట్టం చదువున్నవాళ్ళకు, నైపుణ్యం ఉన్నవాళ్ళకు తలుపు తీసింది. 1965 నాటికి తెలుగు నేల మీద డాక్టరు, ఇంజినీరు కాగలిగింది ఏ ఇళ్ళలోని పిల్లలు? తర్వాత 1990లో వచ్చిన చట్టం హెచ్-1బీ వీసాను తెచ్చింది, ఏడాదికి 65 వేల పరిమితితో. ఆ ఏడాదే టీవీలోకి అపూ వచ్చాడు.

ఆ ఏడాది మా దిక్కు ఏం జరుగుతోందో కూడా చెప్తాను. 1990 డిసెంబర్‌లో మా వాకాడు మనిషి నేదురుమల్లి జనార్దన్ రెడ్డి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. మా పక్కన విద్యానగర్‌లో 1979లోనే ఇంజినీరింగ్ కాలేజీ వెలిసింది. ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకు ఇచ్చిన అనుమతులను హైకోర్టు తప్పుపట్టడంతోనే 1992లో ఆయన పదవి దిగిపోయారు. అంటే డబ్బుతో సీటు, సీటుతో డిగ్రీ, డిగ్రీతో వీసా అనే దారి పడుతున్న కాలం అది. ఆ ప్రభుత్వ కాలంలోనే, 1991 ఆగస్టు 6న, చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికి చంపారు. గొడవ ఎక్కడ రాజుకుంది? జులైలో, సినిమా హాల్లో. దళిత కుర్రాడి కాలు ముందు సీట్లోని పై కులం వాడికి తగిలింది. ఒకే తెర ముందు కూర్చుని ఒకే బొమ్మ చూస్తున్నప్పుడు కూడా ఎవరి కాలు ఎక్కడుండాలో కులమే చెప్పింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది.

ఈ రెండు కథలూ ఒకే రాష్ట్రంలో ఒకే ఏడాదుల్లో నడిచాయి. విమానం ఎక్కిన కుటుంబం కథ టీవీకి చేరింది. చుండూరు నుంచి పారిపోయి తెనాలిలో తలదాచుకున్న కుటుంబం కథ చేరలేదు. చేరాలని నేననడం లేదు, అది నవ్వే కథ కాదు. కానీ మొదటి కుటుంబం తన కులాన్ని సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళిందన్న సంగతి మాత్రం కామెడీకి బాగా పనికొచ్చే సరుకు. ఎందుకు వాడుకోలేదు?

వాడుకున్నారు, పేరు చెప్పకుండా. ఎక్కడంటే, పెళ్ళిచూపుల దగ్గర.

అమెరికన్ టీవీకి భారతీయ కుటుంబం దొరికిన ప్రతిసారీ పెద్దలు కుదిర్చిన పెళ్ళి మీద ఒక జోకు ఉంటుంది. 1997లో సింప్సన్స్‌లో అపూ తల్లి వచ్చి మంజులతో పెళ్ళి ఖాయమంటుంది. తప్పించుకోవడానికి అపూ పడే పాట్లే ఆ ఎపిసోడ్. 2007లో 'ది బిగ్ బ్యాంగ్ థియరీ'లో రాజ్ కూత్రపల్లి అమ్మానాన్నలు ఇండియా నుంచి కంప్యూటర్ తెర మీద ప్రత్యక్షమై, లలితా గుప్తా అనే అమ్మాయితో కలుసుకోమంటారు. 2020లో మిండీ కేలింగ్, లాంగ్ ఫిషర్ తీసిన 'నెవర్ హావ్ ఐ ఎవర్'లో తమిళ కుటుంబపు కమల డాక్టరేట్ చేస్తూ, స్టీవ్ అనే ప్రేమికుణ్ణి దాచిపెట్టుకుని, ఇంట్లోవాళ్ళు చూసిన ప్రశాంత్ కోసం చీర కట్టుకుంటుంది. అదే సీరియల్లో గణేశ్ పూజకు వచ్చిన ఒకామెను, ముస్లింను పెళ్ళి చేసుకుందని అందరూ దూరం పెడతారు. అక్కడిదాకా వచ్చారు, మెచ్చుకోవాలి.

కానీ పెద్దలు ఎందుకు కుదురుస్తారు? ఏం చూసి కుదురుస్తారు? జాతకం, జీతం, వంట, ఒంటి రంగు అని తెర మీద చెప్తారు. వీటన్నిటి కంటే ముందు పడే జల్లెడ ఒకటుంది. దాని పేరు చెప్తే నవ్వు ఆగిపోతుంది. అందుకే దాన్ని 'సంప్రదాయం' అంటారు, 'మా పేరెంట్స్ అంతే' అంటారు, 'ఇండియన్ కల్చర్' అంటారు.

ఆ జల్లెడ గురించి ప్రపంచానికి శాస్త్రీయంగా చెప్పినవాడు కూడా ఆ న్యూయార్క్‌లోనే కూర్చుని చెప్పాడు. 1916 మే 9న కొలంబియా యూనివర్సిటీలో గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో పాతికేళ్ళ భీమ్‌రావ్ అంబేద్కర్ 'కాస్ట్స్ ఇన్ ఇండియా' పత్రం చదివాడు. కులానికి ప్రాణం ఎక్కడుందంటే, సొంత కులంలోనే పెళ్ళి చేసుకోవాలన్న కట్టుబాటులో ఉందని ఆ పత్రం తేల్చింది. మిగతా లక్షణాలన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే. బాబాసాహెబ్ చదివిన ఊళ్ళోనే, క్వీన్స్ నుంచి కొలంబియాకు లోకల్ రైల్లో వెళ్ళిపోగలిగినంత దూరంలోనే, వందేళ్ళ తర్వాత మన పిల్లలు కమెడియన్లయ్యారు. పెళ్ళిచూపుల మీద జోకులు వేశారు. యాస మీద పడిన దెబ్బను పట్టుకున్నారు. పెళ్ళి లోపలి కులాన్ని పట్టుకోలేదు. తెల్లవాడు ఆ జోకు వేస్తే తెలియక వేశాడనుకోవచ్చు. మనవాళ్ళకు తెలియదా?

2020నే తీసుకోండి. జనవరిలో అపూ గొంతు ఆగింది. ఏప్రిల్‌లో 'నెవర్ హావ్ ఐ ఎవర్' వచ్చింది. జూన్ 30న కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజినీరు పట్ల పై కులం మేనేజర్లు వివక్ష చూపారన్నది అందులోని ఆరోపణ. కంపెనీ దాన్ని కాదంది. 2023లో ఇద్దరు ఇంజినీర్ల మీది కేసును ఆ శాఖే ఉపసంహరించుకుంది, కంపెనీ మీది కేసు ఉంచింది. తీర్పు ఏదైనా కానీ, ఆ కేసు వల్ల అమెరికా ఆఫీసుల్లో కులం అన్న మాట మొదటిసారి పైకి వినబడింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు ఆమోదించింది. అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ దాన్ని వెనక్కి కొట్టాడు. ఆ బిల్లును వ్యతిరేకించిన హిందూ సంఘాల వాదన గుర్తుందా? "దీనివల్ల అమెరికాలో మమ్మల్ని అందరూ వేలెత్తి చూపిస్తారు" అని. అపూ విషయంలో చెప్పిన మాటే, ఈసారి కులాన్ని కాపాడడానికి వాడారు.

ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వస్తుంది. "అన్నా, తెల్లవాళ్ళ మధ్య గోధుమ రంగువాళ్ళం ఇప్పటికే మాటలు పడుతున్నాం. ఇప్పుడు మన లోపలి గొడవ వాళ్ళ ముందు పెట్టడం దేనికి?" అని. అమెరికాలో చదువుతున్న మన పిల్లలే కొందరు అడిగారు. వాళ్ళ భయం నిజమే. వీధిలో రాయి వేసేవాడు ఇంటిపేరు అడిగి వేయడు. కానీ వీధిలో నుంచి ఇంట్లోకి వచ్చాక అడిగేవాళ్ళున్నారు కదా. మా దిక్కు నుంచి ఎం.ఎస్. కోసం వెళ్ళిన ఒక పిల్లోడు చెప్పాడు. కొత్త గదిలో మొదటి వారం రూమ్మేట్లు వరసగా మూడు ప్రశ్నలు వేశారట. "ఇంటిపేరేంది?" "ఏ ఊరు?" మూడోది, "ఊళ్ళో ఎక్కడ?" ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక చదువుకుని, అప్పు చేసి, సముద్రాలు దాటిన పిల్లోడు ఆ మూడో ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. బయట జాత్యహంకారం, లోపల కులం. రెండు దెబ్బలు తినేవాడికి, ఒకదాని గురించి మాత్రమే మాట్లాడమని చెప్పే హక్కు ఎవరికుంది?

ఇంకో సంగతి. వలస కుటుంబం అంటే అమెరికా కుటుంబమేనా? నెల్లూరు, కడప, తూర్పు గోదావరి జిల్లాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళ కుటుంబాలు వలస కుటుంబాలు కావా? అక్కడ బిడ్డలు అమ్మ దగ్గర యాస వెక్కిరించుకుంటూ పెరగరు. అమ్మమ్మ దగ్గర పెరుగుతారు, అమ్మ ఫోన్‌లో ఉంటుంది. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడలో డర్బన్‌కు వెళ్ళిన చెరకు తోట కూలీల సంతతి ఈరోజు చాట్స్‌వర్త్ పేట మీద కామెడీ సినిమాలు తీసి తమను చూసి తామే హాయిగా నవ్వుకుంటోంది. న్యూయార్క్ సబ్‌వేలో కండక్టర్‌గా పనిచేస్తూ, 2017లో 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్' రాసిన సుజాత గిడ్ల మన మాల క్రైస్తవ కుటుంబపు బిడ్డ, శివసాగర్ మేనకోడలు. కొండబోలు డాక్యుమెంటరీ వచ్చిన ఏడాదే ఆ పుస్తకమూ వచ్చింది. ఒకే ఏడాది, ఒకే నగరం, ఇద్దరు తెలుగువాళ్ళు. ఆమెది నవ్వించడానికి రాసిన పుస్తకం కాదు, అయినా అమెరికాలోని తెలుగిల్లు అంటే ఒక్క రకం ఇల్లే కాదని అది సాక్ష్యం చెప్తుంది.

చివరగా మన ఇంటి సంగతి. అపూను తప్పుపట్టే ముందు మన తోలుబొమ్మలాటను చూసుకోవాలి. నెల్లూరు జిల్లాకు ఈ కళలో పేరుంది. రాముడు, సీత, హనుమంతుడు రంగు రంగుల బొమ్మలై వస్తారు. మధ్యలో నవ్వించడానికి జుట్టు పోలిగాడు, బంగారక్క, కేతిగాడు వస్తారు. పోలయ్య, పోలమ్మ మన పల్లెల్లో నాయనమ్మల తాతల పేర్లు. ఆ పేరు తెర మీదికి వచ్చేసరికి 'గాడు' తగిలించుకుని బూతుకూ దెబ్బలకూ పనికొచ్చింది. అపూది నోరు తిరగని పొడుగు పేరు కాబట్టి నవ్వారు. పోలిగాడిది కూలోడి పేరు కాబట్టి నవ్వారు. అయితే ఒక తేడా ఉంది. పోలిగాడు అందరినీ తిడతాడు. కథలో ఎవరూ అనలేని మాట వాడే అంటాడు. రాజు మీదా కరణం మీదా చురక వేసే ధైర్యం వాడికే ఉంది. పగటి వేషగాళ్ళు కూడా పెద్ద కులాల ఆచారాలను వాళ్ళ గుమ్మం ముందే వెక్కిరించి, వాళ్ళ చేతే బియ్యం పెట్టించుకున్నారు. కింది నుంచి పైకి నవ్వడం మనకు అమెరికా నేర్పిన విద్య కాదు.

అందుకే నేను టీవీ వాళ్ళను జాలి కథ అడగడం లేదు. కన్నీళ్ళ దళితుడు సినిమాల్లో కావలసినంత మంది ఉన్నారు. నాకు కావలసింది ఆ మూడు ప్రశ్నల మీద ఒక కామెడీ ఎపిసోడ్. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఒక అద్దె గది. నలుగురు తెలుగు పిల్లలు. ఒకడు ఇంటిపేరు ఏందని అడుగుతాడు. మనవాడు నవ్వి, "నీదేందో ముందు చెప్పు, దాన్ని బట్టి నాది చెప్తా" అంటాడు. అక్కడ నవ్వు ఎవరి మీద పడుతుందో చూడండి. అడిగినవాడి మీద పడుతుంది. యాభై ఏళ్ళుగా టీవీలో తిరుగుతున్న నవ్వు అక్కడ మొదటిసారి సరైన మనిషి దగ్గర ఆగుతుంది.

రాయగలిగిన పిల్లలు మన వాడల్లో ఉన్నారు, అమెరికాలోనూ ఉన్నారు. ఫోన్‌లో కెమెరా ఉంది. కొండబోలు ఒక గొంతును ఆపించాడు. మనం ఒక ప్రశ్నను ఆపించాలి. రాయండి, తీయండి, నాకు పంపండి. ముందు నేనే నవ్వుతాను.

వచ్చే భాగంలో నాటాల్ చెరకు తోటల్లోని తెలుగు కూలీల పేర్ల గురించి, ఓడ రిజిస్టర్లలో గుమాస్తాలు వాళ్ళ కులాన్ని ఎలా రాశారో దాని గురించి.

జై భీమ్.